పచ్చనీళ్లు, ఎర్రనీళ్లు

విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే మేస్త్రీలు ఆ రోజుల్లో ఓ పదిహేను మంది ఉండేవారు. అందరూ ఇత్తడికి మాటు వేసేవారే, అందరూ రేపు రమ్మని తిప్పేవారే. నిసార్ అహ్మద్‌కి మాత్రం వాళ్లెవరికీ లేని పేరొకటి ఉండేది. రేడియేటరు కింద కుళాయి తిప్పి, కారే నీళ్లలో చూపుడువేలు తడిపి, నాలుక కొసకి రాసుకుని, ఆ లారీలో ఎక్కడి నీళ్లు పోశారో చెప్పేవాడు. ఉప్పగా తగిలితే బందరు వైపు బోరునీళ్లు. బురద వాసన వేస్తే ఏలూరు కాలవ. తీపి తగిలితే లోపల ఇంజను చల్లబరిచే కూలెంటు ఉన్నట్టు. చెప్పిన వెంటనే తుపుక్కున ఉమ్మేసి, పక్కనున్న చెంబు ఎత్తి పుక్కిలించేవాడు. కూలెంటు విషమనీ నాలుక మీద పెట్టకూడదనీ గవర్నర్‌పేట హోటల్లో జరిగిన ఒక కంపెనీ మీటింగులో టై కట్టుకున్నాయన ఎవరో గట్టిగానే చెప్పాడు. నిసార్ బుద్ధిగా తల ఊపి, వాళ్లు పెట్టిన బిర్యానీ తిని, మర్నాడు పొద్దున మామూలుగానే వేలు తడుపుకున్నాడు.

అతని తండ్రి రాగి గిన్నెలకి కళాయి వేసేవాడు. సైకిలు వెనక కొలిమి తిత్తి కట్టుకుని ఉయ్యూరు, పామర్రు వైపు ఊళ్లన్నీ తిరిగేవాడు. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని కాస్తా ఊడ్చిపెట్టేశాయి. కొడుకు అదే తగరం, అదే నవసాగరం పట్టుకుని ఆటోనగర్ చేరాడు. గిన్నె పోయి రేడియేటరు వచ్చింది, అంతే తేడా. నిసార్ నెమ్మదస్తుడు. ఒకరి గురించి ఒక మాట ఎక్కువ అనడు, తక్కువ అనడు. ఇంజను ఎందుకు పోయిందని ఓనరుకీ డ్రైవరుకీ తగువొస్తే ఇద్దరూ అతని దగ్గరికే వచ్చేవారు. నిసార్ చెబితే ఇంకొకణ్ణి అడగక్కర్లేదనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పైకి ఏమీ అనేవాడు కాదు గానీ లోపల పొంగిపోయేవాడు. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. ఉండటం వరకే అయితే ఈ కథ చెప్పుకోవలసిన పనే లేదు.

లాజరు అతనికన్నా ఆరేళ్లు పెద్ద. ఉండేది గుణదల. వీరభద్రరావు గారి లారీ మీద ఇరవై రెండేళ్లుగా డ్రైవరు. కైకలూరులో చేపలు ఎత్తుకుని హౌరా దాకా పోయి వచ్చేవాడు. వీరభద్రరావు గారికి మూడు లారీలు, బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద ఒక ఆఫీసు ఉండేవి. ఆయన చెడ్డవాడు కాదు. తనకి తెలియనిది తెలిసినవాణ్ణి అడిగి, అతను చెప్పింది నమ్మేవాడు. ఇక లాజరుకి చుట్ట తప్ప వేరే అలవాటు లేదు. ప్రతి పొద్దునా ఇంజను వేడెక్కకముందే రేడియేటరు మూత తీసి, తొంగి చూసి, శిలువ గుర్తు వేసుకుని, అప్పుడు బండి ఎక్కేవాడు. డ్రైవర్ల మధ్య ఒకణ్ణి తిట్టాలంటే తాగుబోతు అనక్కర్లేదు. నీళ్లు చూసుకోకుండా ఇంజను మాడ్చినవాడు అంటే చాలు, ఆ మనిషికి మళ్లీ ఎవరూ తాళాలివ్వరు.

రెండు వేల నాలుగులో ఎర్ర కూలెంటు చేతికొచ్చింది. అంతకుముందు వాడుతున్నది ఆకుపచ్చది. పచ్చనీళ్లు రెండేళ్లకోసారి మార్చాలి, ఎర్రనీళ్లు ఐదేళ్లు ఉంటాయన్నారు. ముందు లాజరు లారీకి మార్చి చూద్దామన్నారు రావుగారు. మార్చడంలో చిక్కు ఒక్కటే. పచ్చది లోపల మిగలకూడదు. రెండూ కలిస్తే విరిగి, చిక్కబడి, రేడియేటరు సన్న గొట్టాల్లో జావలాగా పేరుకుంటాయి. ఈ సంగతి నిసార్‌కి టై కట్టుకున్నాయన చెప్పకముందే తెలుసు. పాత నీళ్లు వదిలేసి, మామూలు నీళ్లు పోసి, ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పి, చల్లారాక మళ్లీ వదిలి, వేలు తడిపి చూసేవాడు. తీపి తగిలితే ఇంకో విడత. కంటికి తేటగా కనిపించే నీళ్లలో కూడా నాలుకకి తీపి తగులుతుంది. ఒక్కోసారి నాలుగు విడతలు, ఒక్కోసారి ఐదు. నీళ్లు చప్పగా తగిలాకే కొత్తది పోసేవాడు.

లాజరు లారీ వచ్చింది రంజాను నెలలో. అది ఏడో ఉపవాసం. తెల్లవారకముందు సహరీ తిన్న మనిషి, గొంతులోకి నీటిచుక్క దిగకుండా, మధ్యాహ్నపు ఎండలో లారీ కింద పడుకుని పనిచేస్తున్నాడు. రెండు విడతలు కడిగాడు. రెండోసారి వదిలిన నీళ్లు తేటగా వచ్చాయి.

"బానే ఉన్నాయిగా భాయ్," అన్నాడు లాజరు వంగి చూస్తూ.

నిసార్ అలవాటు కొద్దీ వేలు తడిపాడు. నోటి దాకా తీసుకుపోయి ఆగాడు. రోజాలో ఉన్నాడు.

"ఇట్రా, నేను చూసి చెబుతా. నాకేం ఉపవాసమా ఏమన్నానా," అన్నాడు లాజరు, బక్కెట్టులో వేలు పెట్టబోతూ.

"నీకేం తెలుసుద్ది లాజరన్నా. చుట్టలు కాల్చీ కాల్చీ నీ నాలుక తోలైపోయింది. బెల్లానికీ ఉప్పుకీ తేడా తెలీదు నీకు."

"మా ఆవిడ తెరేసమ్మా అదే అంటది," అని నవ్వి లాజరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నిసార్ వేలు గుడ్డకి తుడుచుకున్నాడు. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇంకో రెండు విడతలంటే సాయంత్రమవుతుంది, ఇఫ్తారు వేళకి ఇల్లు చేరాలి. చాల్లే అనుకున్నాడు. ఇన్నేళ్ల పనిలో ఎప్పుడూ అనుకోని మాట అది. ఎర్రనీళ్లు పోసి, మూత బిగించి, ఐదేళ్ల దాకా దీని సంగతి మరిచిపొమ్మని లాజరుకి చెప్పాడు.

పద్దెనిమిది రోజులు తిరగకుండానే ఆ లారీని ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చారు. హౌరా వెళుతూ యలమంచిలి దాటాక ఇంజను పట్టేసింది. వేడి చూపించాల్సిన ముల్లు ఆ లారీలో ఎప్పుడో పనిచేయడం మానేసింది. అప్పటి లారీల్లో సగానికి అంతే. పొగ కనిపించి లాజరు బండి ఆపేసరికే ఇంజను హెడ్డు పగిలిపోయింది. ఐసు కరిగిపోయి, లారీడు చేపలూ రోడ్డు పక్కన గొయ్యి తీసి పూడ్చాల్సి వచ్చింది.

వీరభద్రరావు గారు స్వయంగా ఆటోనగర్ వచ్చారు. లాజరు రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"తునిలో తెల్లారి మూత తీసి చూశానండి. నిండుగా ఉన్నాయి. మేరీమాత మీద ఒట్టు."

"నిండుగా ఉంటే ఇంజనెందుకు పట్టేస్తుందయ్యా?"

"అదే నాకూ తెలవట్లేదండి."

పది అడుగుల దూరంలో నిసార్ రేడియేటరు విప్పుతున్నాడు. మంట పెట్టి కింది తొట్టి మాటు కరిగించాడు. తొట్టి ఊడొచ్చింది. గొట్టాల నోళ్లన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ఎరుపూ కాదు, పచ్చా కాదు, బురద రంగులో జిగురుగా వేళ్లాడుతోంది. ఆ రోజు బక్కెట్టు మీదికి వంగిన లాజరు ముఖం, తను అన్న మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నిసారూ, నువ్వు చెప్పు," అన్నారు రావుగారు, అక్కడినుంచే. "నీళ్లు చూసుకోక పోయిందా, ఇంకేమన్నానా? నువ్వేదంటే అదే."

లాజరు అతని వైపు తిరిగాడు. ఆ ముఖంలో భయం లేదు. తన తరఫు సాక్షి వచ్చేశాడన్న ధీమా ఉంది. నిసార్ పక్కనున్న గుడ్డ తీసి గొట్టాల మీద కప్పాడు.

"నీళ్లు తగ్గితే ఇట్లాగే అవుద్దండి రావుగారూ," అన్నాడు.

చూడబోతే అది అబద్ధం కాదు. నీళ్లు తగ్గితే ఇంజను అలాగే అవుతుంది, ఏ మేస్త్రీని అడిగినా అదే చెబుతాడు. కానీ రావుగారు అడిగింది అది కాదు. అది నిసార్‌కీ తెలుసు. ఉపవాసం ఉన్న నోటితో, పండగ నాలుగు రోజుల్లో ఉందనగా, ఇరవై ఏళ్లు కూడబెట్టుకున్న నమ్మకాన్నంతా ఆ ఒక్క వాక్యం మీద ఖర్చుపెట్టాడు. తన పేరు నిలబెట్టుకోవడానికి ఇంకొకడి పేరు తీసుకున్నాడు.

లాజరు తల దించుకున్నాడు.

"చూశాననే అనుకున్నానండి," అన్నాడు.

అని జేబులోంచి తాళాలు తీసి రావుగారి చేతిలో పెట్టాడు. అంతకుముందు చూశానన్న మనిషి ఇప్పుడు చూశాననుకున్నానని ఎందుకన్నాడో ఆ క్షణంలో నిసార్ ఆలోచించలేదు. ఆ జావనంతా ఎవరూ చూడకముందు కడిగేయాలన్న తొందరలో ఉన్నాడు. అందరూ వెళ్లాక మూడు బక్కెట్లు పోసి మురిక్కాలవలోకి తోశాడు. మిగిలిన రెండు లారీల్లో ఎర్రనీళ్లు పోసే పని రావుగారు పండగయ్యాక అతనికే ఇచ్చారు. ఆ రెండింటినీ ఆరేసి విడతలు కడిగాడు.

పండగనాడు భార్య సాజిదా వడ్డించిన సేమ్యా అలాగే గిన్నెలో మిగిలిపోయింది. ఒంట్లో బాగాలేదన్నాడు. ఆమె నమ్మనూ లేదు, అడగనూ లేదు. అలా అడగకుండా ఊరుకోవడం ఆమెకి బాగా అలవాటు.

లాజరుని ఏ ఓనరూ తీసుకోలేదు. ఇంజను మాడ్చినవాడన్న మాట లారీ కన్నా ముందే ఊరు చేరింది. చివరికి ఆటోనగర్‌లోనే, లారీలకి బాడీలు కట్టే ఒక షెడ్డు దగ్గర కాపలాకి కుదిరాడు. నిసార్ షాపుకి రెండు వీధుల అవతల, గేటు పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మసీదుకి పోయే దారి అదే. నిసార్ దారి మార్చుకుని, ఫ్యాక్టరీల వెనకనుంచి చుట్టు తిరిగి నమాజుకి పోవడం మొదలుపెట్టాడు. దేవుడి దగ్గరికి దొడ్డిదారిన పోతున్నానని తనని తానే వెక్కిరించుకునేవాడు. వెక్కిరించుకున్నంత మాత్రాన బరువు తగ్గలేదు.

పోనీ లాజరు కోపంగా ఉండేవాడా అంటే అదీ లేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే భాయ్ అని పలకరించేవాడు. నిసార్ బక్రీదుకి మాంసం పంపిస్తే, క్రిస్మస్‌కి తెరేసమ్మ డబ్బా నిండా గులాబీ పువ్వులు వండి పంపేది. అవి నమలడం ఆ ఇంట్లో పిల్లలందరికీ సరదా, ఒక్క నిసార్‌కే గొంతు దిగేవి కావు. నెలకో రెండు నెలలకో గుణదల వెళ్లి లాజరు ఇంట్లో కూర్చుని, టీ తాగి, వానల గురించి మాట్లాడి వచ్చేవాడు. వెళ్లిన ప్రతిసారీ చెప్పేద్దామనే వెళ్లేవాడు. టీ అయిపోయేది, మాట రాకుండానే లేచి వచ్చేసేవాడు.

మరుసటి రంజానులో సాజిదాకి చెప్పాడు. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. ఆమె బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"రోజాలో ఉన్నాను కాబట్టి రుచి చూడలేకపోయాను," అన్నాడు చివర్లో.

సాజిదా చేట కింద పెట్టింది.

"రోజా మీద పెట్టకండి. రుచి చూడొద్దన్నది మీ నోటిని. లాజరన్నని చూడనివ్వద్దని ఏ రోజా చెప్పలేదు."

నిసార్ లేవబోయాడు.

"ఇంకో సంగతి కూడా మీకు తెలుసు. దేవుడికి తప్పు చేస్తే దేవుణ్ణి అడుగుతాం. మనిషికి చేసినప్పుడు ఆ మనిషినే అడగాలి. మీరు ఎన్ని నమాజులు చేసినా అది ఇక్కడే ఉంటుంది."

ఇదంతా అతనికి తెలియనిది కాదు. తెలిసినా ఇంకో ఏడాది గడిపేశాడు. చెబితే లాజరు కొడతాడని భయం కాదు. నిసార్ చెబితే ఇంకొకణ్ణి అడగక్కర్లేదన్న ఆ మాట, ఆటోనగర్‌లో మళ్లీ ఎవరూ అనరు. అది పోతే తనకి ఇంకేం మిగులుతుందో అతనికి తోచలేదు. పిరికితనానికి పెద్ద పేరు ఏదీ పెట్టక్కర్లేదు, ఇదే.

రెండు వేల ఆరు చివర్లో ఒక దారి కనబడ్డట్టయింది. పటమటలో చిన్న బడి నడిపే త్రిపురసుందరి గారు కొత్తగా బస్సు కొన్నారు. పిల్లల బస్సు కాబట్టి నెమ్మదైన డ్రైవరు కావాలని నిసార్‌నే అడిగారు. నిసార్ లాజరు పేరు చెప్పాడు. పాత సంగతి ఆమెకి తెలియదు. నిసార్ మాట మీద ఆమె సరేనన్నారు. నోరు విప్పకుండానే తప్పు దిద్దుకోవచ్చన్న ఆశతో, ఆ ఆదివారం చర్చిలో పూజ ముగిసే వేళకి అతను గుణదల వెళ్లాడు. వెళుతూ దారిలో అరటిపళ్లు కూడా కొన్నాడు.

లాజరు అంతా విని, పళ్లు పక్కన పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు భాయ్. నేను బండి ముట్టుకోను."

"ఎందుకు? జీతం తక్కువనా?"

"అది కాదు. నా మీద నాకు నమ్మకం పోయింది." లాజరు గొంతు తగ్గించాడు. "నీకు చెబితే నవ్వుతావు. ఆ పొద్దున తునిలో మూత తీసినట్టు నాకు బాగా గుర్తు. మూత చల్లగా ఉంది. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. ఇప్పటికీ కళ్ల ముందు కనపడతా ఉంటది. మరి నువ్వు నీళ్లు తగ్గాయన్నావు. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. అంటే అది ముందు రోజు చూసిందన్నా అవ్వాలి, కలన్నా అవ్వాలి. జరగనిది జరిగినట్టు గుర్తుండే మనిషి చేతికి పసిపిల్లల బండి ఇస్తారా ఎవరన్నా?"

"గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు అడుగుతాడు ఈ మనిషి," అంది తెరేసమ్మ వంటింట్లోంచి. "తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి లాగి చూస్తాడు. ముందు ఇట్లా ఉండేవాడు కాదన్నయ్యా."

నిసార్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఒక మనిషి డ్రైవరు సీటు పోగొట్టానని, పేరు పోగొట్టానని కుమిలాడు. దానికి ఇంకో సీటు ఇప్పించి సరిపెట్టుకోవచ్చనుకున్నాడు. తను లాక్కున్నది సీటు కాదు. ఈ మనిషి తన కళ్లతో చూసినదాన్ని నమ్మడం మానేసి, నిసార్ మాటని నమ్మాడు. రెండేళ్లుగా ప్రతి రోజూ నమ్ముతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో కూర్చుని టీ తాగిన పూటలన్నీ గుర్తొచ్చి నిసార్‌కి తనని చూస్తే తనకే రోత పుట్టింది.

"నువ్వు చూశావు లాజరన్నా," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు మూత తీసి చూశావు. నీళ్లు నిండుగానే ఉన్నాయి. తప్పు నాది. ఆ రోజు నేను సరిగా కడగలేదు. పచ్చనీళ్లు లోపల ఉండిపోయినయ్, ఎర్రవి కలిసి గడ్డకట్టినయ్. తొట్టి విప్పగానే నేను చూశా. చూసి గుడ్డ కప్పేశా."

ఇంక అతను ఆగలేదు. రుచి చూస్తానన్నవాణ్ణి వెక్కిరించడం, సాయంత్రమవుతోందని చాల్లే అనుకోవడం, మురిక్కాలవలోకి కడిగేయడం, అన్నీ వరసగా చెప్పాడు. చెప్పి చెంపదెబ్బ కోసం ఎదురు చూశాడు. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ తగిలితే బాగుండునని కోరుకున్నాడు.

లాజరు లేవలేదు.

"ఇంకోసారి చెప్పు భాయ్."

నిసార్ తప్పంతా మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.

"అది కాదు. ముందు చెప్పావే, ఆ మాట."

"నువ్వు మూత తీసి చూశావు."

"తెరేసా, ఇట్రా," అని పిలిచాడు లాజరు. "నిసార్ భాయ్ ఏం చెబుతున్నాడో విను. చెప్పు భాయ్, ఈవిడకి కూడా చెప్పు."

నిసార్ మూడోసారి చెప్పాడు. రెండేళ్లు నోరు దాటని మాట. లాజరు కళ్లు తుడుచుకోకుండానే నవ్వుతున్నాడు. నేను చూశానే, చూశాను, అని భార్య చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఎదురుగా ఎవరు కూర్చున్నారో, వాడు తనకేం చేశాడో అతనికి పట్టినట్టే లేదు. తిట్టి తరిమినా నిసార్ తట్టుకునేవాడు. ఈ సంతోషాన్ని తట్టుకోలేక తల వంచుకున్నాడు.

"నన్ను మన్నించు లాజరన్నా," అన్నాడు మెల్లగా.

లాజరు వినలేదు, చొక్కా కోసం లోపలికి వెళ్లాడు. తెరేసమ్మ విన్నది.

"పిచ్చెక్కుతుందేమోనని ఆయన భయపడి చచ్చేవాడు. నువ్వొచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని టీ తాగిపోయేవాడివి," అంది. గొంతు పెంచలేదు. "ఆ మాట ఇవాళే అడగమాకు అన్నయ్యా. ఎప్పటికి మన్నిస్తామో మాకే తెలవదు."

నిసార్ సరేనన్నాడు. అడిగే హక్కు తనకి ఇంకా రాలేదని అతనికి అర్థమైంది.

లాజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఆదివారం రావుగారు ఇంట్లోనే ఉంటారు, ఇప్పుడే పోయి చెబుదాం పద అన్నాడు. ఇద్దరూ ఎండలో బస్టాపు వైపు నడిచారు. దారి పొడుగునా లాజరు మాట్లాడుతూనే ఉన్నాడు. తునిలో ఆ పొద్దున మూత ఎంత చల్లగా ఉందో, నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో, మూత మళ్లీ ఎలా బిగించాడో చెప్పి, అంతే కదా భాయ్ అని అడుగుతున్నాడు. అడిగిన ప్రతిసారీ నిసార్, అంతేనన్నా, నువ్వు చూశావు, అంటూ పక్కన నడిచాడు.